కడుపులో పుండు: తగ్గింది నొప్పియా, వ్యాధియా?



"భోజనమైన తరువాత పొట్ట పైభాగంలో మంట, పుల్లని త్రేన్పులు, అప్పుడప్పుడు నొప్పి. ఇంట్లో చేసుకోదగిన చిట్కా ఏదైనా చెప్పగలరా?" ఈ ప్రశ్న వినకుండా నా వైద్యశాలలో ఒక్క వారం గడవదు. గిద్దలూరులో మూడు దశాబ్దాలకు పైగా వైద్యవృత్తిలో ఉన్నాను. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడం కష్టం కాదు. ధనియాలు, ఉసిరిక, అతిమధురం వంటివి మన వంటింటిలోనో, పచారీ దుకాణంలోనో దొరికేవే. వాటిని వాడే విధానాన్ని ఈ వ్యాసం చివరి భాగంలో వివరిస్తాను. అయితే అంతకుముందు, మందు పనిచేసినప్పుడు కలిగే ప్రమాదం గురించి చెప్పవలసి ఉన్నది. మందు పనిచేయకపోతే రోగి మరొక వైద్యుని వద్దకు వెళతాడు. పనిచేసినట్లు కనిపించినప్పుడే ఇంట్లోనే ఉండిపోతాడు. ఈ పాఠం నేను గ్రంథంలో చదివి నేర్చుకున్నది కాదు. నా పొరపాటు వల్ల నేర్చుకున్నది.

గురువుగారి ప్రశ్న

గురుకులంలో చదువుకునే రోజులలో మా గురువుగారు ఉదయం పూట రోగులను చూస్తుండగా మేము పక్కన నిలబడి గమనించేవారము. ఎవరైనా రోగి "ఇప్పుడు బాగుందండీ, తగ్గింది" అని చెప్పగానే మా ముఖాలు వికసించేవి. గురువుగారు మాత్రం మా వైపు తిరిగి, "తగ్గింది సరే. ఏది తగ్గింది? నొప్పి తగ్గిందా, వ్యాధి తగ్గిందా?" అని అడిగేవారు. ఆ వయస్సులో అది శిష్యులను పరీక్షించే ప్రశ్న అని మాత్రమే అనుకున్నాను. దాని బరువు తెలిసివచ్చేసరికి నా వృత్తిలో పన్నెండేళ్ళు గడిచిపోయాయి.

ఒక ఉపాధ్యాయుని ఉదంతం

1997 ఎండాకాలంలో మా ప్రాంతపు ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్న ఒక ఉపాధ్యాయుడు నా వద్దకు వచ్చారు. వయస్సు యాభై నాలుగు. పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్ళు ఉన్నది. నాలుగైదు నెలలుగా కడుపునొప్పి. అప్పటికే ఒక పట్టణంలో ఎండోస్కోపీ చేయించుకున్నారు. జీర్ణాశయంలో చిన్న పుండు ఉన్నదనీ, అంచు నుండి తీసిన ముక్కలలో క్యాన్సర్ కనిపించలేదనీ ఆ కాగితంలో ఉన్నది. దాని అడుగున ఒకే ఒక వాక్యం: ఎనిమిది వారాల తరువాత మరల ఎండోస్కోపీ చేయించుకోవలెను.

నేను ఆయనకు ధాత్రీలోహం, శంఖభస్మం, అవిపత్తికర చూర్ణం ఇచ్చాను. కారం, ఊరగాయలు మాన్పించాను. మూడు వారాలలో నొప్పి పూర్తిగా పోయింది. "వైద్యులవారూ, మీ మందు అమృతం" అన్నారు. ఎనిమిది వారాలు నిండినప్పుడు ఆ కాగితం తీసి చూపి, "మళ్ళీ గొట్టం వేయించుకోవాలంటారా?" అని అడిగారు. నేను ఆ వాక్యాన్ని చదివాను. చదివి కూడా, "నొప్పే లేనప్పుడు ఘాట్‌రోడ్డు ఎక్కి అంత దూరం ప్రయాణం దేనికి మాస్టారూ? మందు కొనసాగిద్దాం" అన్నాను. ఆయన సంతోషంగా వెళ్ళిపోయారు.

దీపావళి వెళ్ళిన తరువాత ఒకనాడు ఆయన భార్య ఒక్కరే వచ్చారు. "అన్నయ్యగారూ, మీ మాస్టారికి నొప్పి లేదు. కానీ నాలుగు ముద్దలకే చేయి కడిగేస్తున్నారు. బెల్టుకు రెండు రంధ్రాలు కొత్తగా వేయించుకున్నారు. దొడ్డికి నల్లగా అవుతున్నదట" అన్నారు. ఆకలి మందగించిందని దీపన ద్రవ్యాలు కలిపి ఇచ్చాను. మలం నలుపు గురించి, "ధాత్రీలోహంలో లోహభస్మం ఉంటుందమ్మా, దాని వల్ల అలా అవుతుంది, భయం లేదు" అని నచ్చజెప్పాను. నేను చెప్పిన మాట అబద్ధం కాదు. ఇనుము కలిసిన ఏ మందు తిన్నా మలం నల్లబడుతుంది. అయితే కడుపులో రక్తం స్రవించినా నల్లబడుతుంది. ఆ రెండింటిలో ఏదో తేల్చుకోకుండా, నా మందుకు అనుకూలమైన కారణాన్నే నేను ఎంచుకున్నాను.

సంక్రాంతి నాటికి ఆయన ముఖం తెల్లగా పాలిపోయింది. బడి మెట్లు ఎక్కితే ఆయాసం. అప్పుడు భయపడి కర్నూలుకు పంపాను. ఆ పుండు ఉన్న చోటనే ఈసారి గట్టి అంచులతో పెద్ద వ్రణం కనిపించింది. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ అని తేలింది. హైదరాబాదులో శస్త్రచికిత్స జరిగింది. కానీ అప్పటికే వ్యాధి కాలేయానికి చేరింది. ఆయన మరో పద్నాలుగు నెలలు జీవించారు. ఎనిమిది వారాలకే పంపి ఉంటే బ్రతికేవారా అన్నది ఎవరూ చెప్పలేరు. పంపకపోవడం మాత్రం నా తప్పు. ఆ ఇంటివారు నన్ను ఒక్క మాట అనలేదు. అందువల్లనే ఆ తప్పు నాకు ఇంకా బరువుగా ఉన్నది.

ఉపశయం ఎక్కడ మోసగిస్తుంది?

రోగాన్ని గుర్తించడానికి మన శాస్త్రం అయిదు సాధనాలు చెప్పింది. నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. వీటినే నిదాన పంచకం అంటారు. వీటిలో ఉపశయం అంటే, ఏ ఔషధం, ఏ ఆహారం, ఏ విహారం వల్ల రోగికి సుఖం కలుగుతున్నదో చూసి దానిని బట్టి వ్యాధిని ఊహించడం. లక్షణాలు స్పష్టంగా లేని గూఢమైన వ్యాధులలో ఉపశయాన్ని ఆశ్రయించమని చరకుడు చెప్పాడు. ఇది చక్కని పద్ధతి. ఎన్నో వ్యాధులలో నాకు దారి చూపింది.

అయితే జీర్ణాశయంలోని పుండు విషయంలో ఈ సాధనం ఒక్కటే చాలదు. కారణం గ్రహించడం కష్టం కాదు. పుండు మామూలుదైనా, క్యాన్సర్ పుండైనా, దాని మీద కడుపులోని ఆమ్లం పడినప్పుడు మండుతుంది. శంఖభస్మం వంటి క్షార గుణం గల మందు ఆమ్లాన్ని శమింపజేస్తుంది. అల్లోపతిలోని ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ మాత్రలు ఆమ్లం తయారు కాకుండా ఆపుతాయి. ఏ వైద్యపు మందైనా ఆమ్లాన్ని తగ్గిస్తే మంట తగ్గుతుంది. మంట తగ్గినంత మాత్రాన పుండు ఏ జాతిదో తెలిసినట్లు కాదు. అంతే కాదు, ఆమ్లం తగ్గినప్పుడు క్యాన్సర్ పుండు కూడా కొన్నాళ్ళు పైపైన మాని, మరల పగులుతుందని జపాను వైద్యులు ఏనాడో గమనించారు. కనుక తాత్కాలికంగా మానిన పుండును చూసి కూడా మోసపోయే అవకాశం ఉన్నది. ఈ మోసం ఆయుర్వేదానికి మాత్రమే పరిమితం కాదు. మందుల షాపులో చీటీ లేకుండా మాత్రలు కొని ఏళ్ళ తరబడి మింగేవారందరికీ ఇది వర్తిస్తుంది.

ప్రాచీనులు చెప్పినది

మాధవనిదానంలో కడుపునొప్పుల విభజన చాలా నిశితంగా ఉన్నది. ఆహారం జీర్ణమయ్యే సమయంలో వచ్చే నొప్పిని పరిణామశూల అన్నారు. తిన్నా, తినకపోయినా, జీర్ణమైనా, జీర్ణం కాకపోయినా వస్తూ, పథ్యానికి లొంగక, వాంతి అయితే గాని ఉపశమించని నొప్పిని అన్నద్రవశూల అన్నారు. నేటి ఆయుర్వేద పండితులలో పలువురు మొదటిదానిని చిన్నప్రేగు మొదటి భాగంలోని పుండుతోనూ, రెండవదానిని జీర్ణాశయంలోని పుండుతోనూ పోల్చి చెబుతారు. ఈ తేడా పాఠకులు గుర్తుంచుకోదగినది. చిన్నప్రేగు మొదటి భాగంలో వచ్చే పుండు క్యాన్సర్ కావడం చాలా అరుదు. జీర్ణాశయంలోని పుండు విషయంలో అటువంటి ధీమా పనికిరాదు.

ఇక సుశ్రుతుడు నిదానస్థానంలో అర్బుదాన్ని వర్ణిస్తూ, అది లోతైన వేళ్ళతో, కదలక, నెమ్మదిగా పెరుగుతూ, పక్వానికి రాకుండా, కొద్దిపాటి నొప్పితో ఉంటుందని చెప్పాడు. ఇక్కడ "కొద్దిపాటి నొప్పి" అన్న మాటను గమనించవలెను. ప్రమాదకరమైన వ్యాధి భరించలేనంత బాధ పెడుతుందని మనం అనుకుంటాము. శాస్త్రం అలా చెప్పలేదు. పెద్ద నొప్పి మనిషిని ఆ రాత్రికే ఆసుపత్రికి పరుగెత్తిస్తుంది. చిన్న నొప్పి ఏడాది పాటు సర్దుకుపోయేటట్లు చేస్తుంది.

పుండు ఎందుకు పడుతుంది?

ఎన్నో దశాబ్దాల పాటు కడుపులో పుండుకు మనోవ్యథ, కారం, మితిమీరిన ఆమ్లం కారణాలని ప్రపంచమంతా నమ్మింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు 1982లో జీర్ణాశయపు పొరలో నివసించే ఒక సూక్ష్మక్రిమిని ప్రయోగశాలలో పెంచగలిగారు. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. తోటి వైద్యులు నమ్మకపోవడంతో మార్షల్ 1984లో ఆ క్రిములున్న ద్రవాన్ని తానే త్రాగి, తన కడుపులో వాపు తెచ్చుకుని నిరూపించాడు. వారిద్దరికీ 2005లో నోబెల్ బహుమతి లభించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1994లోనే ఈ క్రిమిని నిశ్చయంగా క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

ఈ మాట విని భయపడనక్కరలేదు. ఈ క్రిమి కోట్లాది మందిలో ఉన్నది. వారిలో క్యాన్సర్ వచ్చేది చాలా కొద్దిమందికే. కానీ వచ్చే తీరు తెలుసుకోదగినది. మొదట జీర్ణాశయపు పొరకు దీర్ఘకాలపు వాపు, తరువాత ఆ పొర క్షీణించడం, ఆ తరువాత అది ప్రేగుపొరను పోలిన రూపానికి మారడం, పిమ్మట కణాలు వికృతి చెందడం, చివరకు క్యాన్సర్. కొలంబియా దేశస్థుడైన పెలాయో కొరియా అనే వైద్యుడు ఈ మెట్ల వరుసను వివరించాడు. సాధారణంగా దీనికి ఏళ్ళు, దశాబ్దాలు పడుతుంది. సంచయం, ప్రకోపం, ప్రసరం, స్థానసంశ్రయం, వ్యక్తి, భేదం అని సుశ్రుతుడు చెప్పిన ఆరు క్రియాకాలాలను చదువుకున్నవారికి ఈ వరుస కొత్తగా తోచదు. వ్యాధిని ఎంత ముందు మెట్టులో పట్టుకుంటే అంత సుఖసాధ్యమన్నది రెండు శాస్త్రాలకూ సమ్మతమే.

మా పశ్చిమ ప్రకాశం ప్రాంతానికి సంబంధించి మరొక కారణం చెప్పాలి. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వైపు చాలా గ్రామాల బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్ళు త్రాగినవారిలో మోకాళ్ళు, నడుము పట్టుకుపోవడం తరచుగా చూస్తాము. వారు ఏమి చేస్తారు? షాపులో నొప్పి మాత్రలు కొంటారు. రోజూ మింగుతారు. ఆ మాత్రలు జీర్ణాశయపు రక్షక పొరను దెబ్బతీసి పుండు పుట్టిస్తాయి. ఒక్కొక్కసారి నొప్పి తెలియనీయకుండానే రక్తస్రావం కలిగిస్తాయి. మోకాలి నొప్పితో వచ్చిన పెద్దవారిని కడుపు గురించి, కడుపునొప్పితో వచ్చినవారిని మోకాళ్ళ గురించి అడగడం నాకు అలవాటు.

పొగాకు ఏ రూపంలోనైనా, మద్యం, అధికమైన ఉప్పు జీర్ణాశయ క్యాన్సర్ అవకాశాన్ని పెంచుతాయి. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో అమెరికాలో అధిక ప్రాణాలు తీసిన క్యాన్సర్ ఇదే. ఇళ్ళలోకి ఫ్రిజ్ వచ్చి, ఉప్పులో ఊరవేసిన మాంసం, చేపలు తినడం తగ్గి, తాజా కూరలు, పండ్లు పెరిగిన కొద్దీ అక్కడ ఈ వ్యాధి తగ్గుతూ వచ్చింది. మన దేశంలో మిజోరం రాష్ట్రంలో ఇది ఎక్కువ. ఉత్తరాది కన్నా దక్షిణాదిలో ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద 2022 సంవత్సరంలో సుమారు 9 లక్షల 68 వేల మందికి ఈ వ్యాధి కొత్తగా బయటపడిందని, సుమారు 6 లక్షల 60 వేల మంది మరణించారని అంచనా. ఊరగాయ లేనిదే ముద్ద దిగదనే అలవాటున్న మనం, దానిని నంజుకునే పదార్థంగా ఉంచుకోవాలి గాని కూరకు బదులుగా కాదు.

ప్రత్యక్షమే ప్రమాణం

సుశ్రుతుడు శస్త్రవైద్యుడు. గ్రంథజ్ఞానంతో పాటు కంటితో చూసి తెలుసుకున్నప్పుడే వైద్యునికి జ్ఞానం పూర్ణమవుతుందని ఆయన మతం. ఆయన యంత్రాల జాబితాలో గొట్టం ఆకారం గల నాడీయంత్రాలు ఉన్నాయి. వాటి ప్రయోజనాలలో శరీర రంధ్రాల లోపలి రోగాన్ని చూడటం ఒకటి. నేటి ఎండోస్కోపీ కూడా ఆ ప్రయోజనానికే. కనుక "గొట్టం వేయించుకోవడం మన పద్ధతి కాదు" అనే పాఠకులు ఈ మాట గుర్తుంచుకోగలరు.

రాత్రి నుండి ఏమీ తినకుండా వెళ్ళాలి. గొంతుకు తిమ్మిరి మందు కొట్టి, లేదా కొద్దిగా మత్తు ఇచ్చి, చివర కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోటి ద్వారా పంపుతారు. పరీక్ష కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. జీర్ణాశయంలో పుండు కనిపిస్తే రోగి తరపువారు అడగవలసిన ప్రశ్నలు మూడు.

ఒకటి, బయాప్సీకి ముక్కలు తీశారా? పుండు అంచుల నుండి నాలుగు వైపులా, ఆరు నుండి ఎనిమిది ముక్కల వరకు తీయడం మంచిది. ఒకటి రెండు ముక్కలలో క్యాన్సర్ భాగం చిక్కకపోవచ్చు.

రెండు, పైలోరి క్రిమికి పరీక్ష చేశారా? ఉన్నట్లయితే వైద్యుడు వ్రాసిన యాంటీబయాటిక్స్ కోర్సును, సాధారణంగా పద్నాలుగు రోజులు, ఒక్క పూట కూడా తప్పకుండా పూర్తి చేయవలెను. తరువాత క్రిమి పోయిందో లేదో మరల పరీక్షించుకోవలెను. సగంలో మానితే క్రిమి మొండిదవుతుంది.

మూడు, పుండు మానిందో లేదో చూడటానికి మళ్ళీ ఎప్పుడు రావాలి? జీర్ణాశయపు పుండుకు సాధారణంగా ఎనిమిది నుండి పన్నెండు వారాల మధ్య ఈ రెండవ పరీక్ష చెబుతారు. నేను మాస్టారిని మాన్పించినది ఈ పరీక్షనే.

పరీక్షకు ముందు ఆమ్లం తగ్గించే మాత్రలను ఆపవలెనా, ఎన్నాళ్ళు ఆపవలెను అన్నది పరీక్ష చేసే వైద్యుని అడగండి. ఆయుర్వేద మందులు వాడుతున్నట్లయితే ఆ సంగతి కూడా దాచకుండా చెప్పండి.

గృహిణులు గమనించవలసినవి

మాస్టారి విషయంలో వ్యాధిని మొదట చూసినది నేను కాదు, ఎండోస్కోపీ కూడా కాదు. ఆయన భార్య. విస్తరిలో మిగిలిన అన్నం, బెల్టుకు పడిన కొత్త రంధ్రాలు ఆమె కంటబడినవి. ఇంట్లో ఎవరికైనా కడుపులో మంట, నొప్పితో పాటు ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా చిట్కాల కోసం వెదకక, వెంటనే పరీక్షకు తీసుకువెళ్ళవలెను.

నలభై అయిదు, యాభై ఏళ్ళు దాటిన తరువాత తొలిసారిగా మొదలైన అజీర్ణం. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం. కొద్దిగా తినగానే కడుపు నిండినట్లు ఉండటం. మాటిమాటికీ వాంతులు, ముఖ్యంగా ముందురోజు తిన్న అన్నం పడటం. వాంతిలో రక్తం లేదా కాఫీపొడి వంటి నలుసులు. మ్రింగుడు కష్టం కావడం. కారణం తెలియని రక్తహీనత. పొట్ట పైభాగంలోనో, ఎడమ వైపు మెడ ఎముక పైనో చేతికి తగిలే గడ్డ. తల్లిదండ్రులలో గాని తోబుట్టువులలో గాని జీర్ణాశయ క్యాన్సర్ వచ్చి ఉండటం.

మలం తారు వలె నల్లగా, జిగటగా, విపరీతమైన దుర్వాసనతో ఉంటే అది రక్తస్రావానికి గుర్తు. అప్పుడు ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళవలెను. లోహభస్మం, మండూరభస్మం, ఐరన్ మాత్రలు, బిస్మత్ కలిసిన మందులు వాడేవారికి కూడా మలం నల్లబడుతుంది గనుక, వారు "మందు వల్లనే" అని సరిపెట్టుకోకుండా మలంలో రక్తం ఉన్నదేమో, ఒంట్లో హిమోగ్లోబిన్ ఎంత ఉన్నదో పరీక్ష చేయించుకోవలెను. ఇది తోటి వైద్యులకు కూడా నా విన్నపం.

గృహవైద్యం, దాని గడువు

పైన చెప్పిన లక్షణాలు ఏవీ లేక, వేళ తప్పిన భోజనం వల్లనో, విందుభోజనం వల్లనో మంట, పులి త్రేన్పులు వచ్చినవారు ఈ క్రింది వాటిని వాడవచ్చును.

ఒక చెంచా ధనియాలను నలగగొట్టి గ్లాసు నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయం వడగట్టి త్రాగవలెను. ఎండబెట్టిన ఉసిరికాయల పొడి అర చెంచా, కొద్దిగా పటికబెల్లం కలిపి భోజనానికి ముందు రెండు పూటలా తీసుకొనవచ్చును. మధుమేహం ఉన్నవారు పటికబెల్లం మానవలెను. అతిమధురం పొడి పావు చెంచా గోరువెచ్చని పాలతో రోజుకు ఒకసారి తీసుకొనవచ్చును. రక్తపోటు, గుండె, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారు, గర్భిణులు అతిమధురం వాడరాదు. పేలాల జావ, పాత బియ్యపు అన్నం, బీరకాయ, పొట్లకాయ, సొరకాయ పథ్యం. రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య రెండు మూడు గంటల వ్యవధి ఉండవలెను. చుట్ట, సిగరెట్టు, మద్యం, చీటీ లేకుండా కొన్న నొప్పి మాత్రలు అపథ్యం. గుండెజబ్బుకు వైద్యుడు వ్రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు మానరాదు.

దీనికి గడువు రెండు వారాలు. అప్పటికి తగ్గకపోయినా, తగ్గి మరల తిరగబెట్టినా, చిట్కా మార్చడం కాదు, వైద్యుని చూడటం మార్గం. మూడో వారం కూడా వంటింటి డబ్బాలే వెదుకుతున్నారంటే అది వైద్యం కాదు, వాయిదా.

క్యాన్సర్ అని తేలితే

ఈ మాట వినగానే చికిత్స మాని, ఆకు పసరుల కోసం ఊళ్ళు పట్టుకు తిరిగేవారిని చూశాను. నేను ఆయుర్వేద వైద్యుణ్ణి. అయినా స్పష్టంగా చెబుతున్నాను. జీర్ణాశయ క్యాన్సర్‌ను ఆయుర్వేద ఔషధంతో నయం చేస్తామనేవారిని నమ్మవద్దు. పైపొరకే పరిమితమైన తొలిదశలో పట్టుకుంటే, కొందరిలో పొట్ట కోయకుండా ఎండోస్కోపీ ద్వారానే ఆ భాగాన్ని తీసివేయగలుగుతున్నారు. ఆ దశలో చికిత్స పొందినవారిలో పదింట తొమ్మిది మందికి పైగా అయిదేళ్ళు దాటి జీవిస్తున్నారని జపాను అనుభవం. ముదిరిన తరువాత ఆ అవకాశం చాలా తగ్గుతుంది.

మా వైపువారికి ఎండోస్కోపీ సదుపాయం నంద్యాల, కర్నూలు, ఒంగోలు, గుంటూరులలో ఉన్నది. హైదరాబాదులో 1955 నుండి సేవలందిస్తున్న ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం అర్హత గల కుటుంబాలకు క్యాన్సర్ చికిత్సలో అండగా ఉన్నది. ఖర్చుకు భయపడి ఇంట్లో కూర్చునే ముందు ఆ వివరాలు అడిగి తెలుసుకోవలెను.

ఆయుర్వేదానికి ఇక్కడ స్థానం లేదా? ఉన్నది. చికిత్స చేస్తున్న వైద్యునికి తెలిపి, రోగి ఆకలిని, నిద్రను, బలాన్ని కాపాడే పథ్యాహారం మనం ఇవ్వగలం. జీర్ణాశయం కొంత గాని పూర్తిగా గాని తీసివేసినవారికి కొద్ది కొద్దిగా ఆరేడు సార్లు ఆహారం, భోజనంతో పాటు కాక వ్యవధి ఇచ్చి నీరు, తీపి పానీయాలు తగ్గించడం మేలు. పూర్తిగా తీసివేసినవారికి బి12 సూదులు జీవితాంతం అవసరం. వైద్యునికి తెలియకుండా భస్మాలు, పసరులు మాత్రం వాడరాదు.

రెండు శాస్త్రాలు శత్రువులన్నట్లు మాట్లాడేవారికి ఒక తెలుగువాని సంగతి గుర్తు చేస్తాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించి, అమెరికా వెళ్ళారు. అక్కడి లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో జరిగిన కృషి నుండి మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు వచ్చింది.

చివరగా

2012లో మాస్టారి కుమారుడు నా వద్దకు వచ్చాడు. వయస్సు నలభై. కడుపులో మంట. వెంట తల్లి. ఆమె కూర్చోకుండానే, "అన్నయ్యగారూ, వీడికి మందు తరువాత ఇద్దురుగాని, ముందు ఎక్కడికి పంపాలో చెప్పండి" అన్నారు. ఆనాడే చీటీ వ్రాసి పంపాను. జీర్ణాశయంలో చిన్న పుండు, పైలోరి క్రిమి ఉన్నాయి. ముక్కలు తీసి పరీక్షిస్తే క్యాన్సర్ లేదు. పద్నాలుగు రోజుల మందులు పూర్తి చేశాడు. వారం తిరగకముందే నొప్పి పోయింది. అయినా పదవ వారంలో నేనే ఫోను చేసి రెండవ ఎండోస్కోపీకి పంపాను. పుండు పూర్తిగా మానింది. ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టిన తరువాతనే అతనికి "తగ్గింది" అన్నాను.

కడుపునొప్పి వచ్చిన ప్రతివారికీ క్యాన్సర్ ఉండదు. ఎక్కువ మందికి ఉండదు కూడా. కానీ ఎవరికి లేదో నొప్పిని బట్టి చెప్పలేము, మందును బట్టి చెప్పలేము. చూసి, ముక్క తీసి, మానిన తరువాత మరల చూసి చెప్పవలసిందే. మీ ఇంట్లో ఎవరైనా "తగ్గింది" అన్నప్పుడు మా గురువుగారి ప్రశ్న ఒక్కసారి అడగండి. ఏది తగ్గింది?